ముందు బంపరు, ఎడమ మూల

ఎల్‌ఈడీ లైటంత చాడీకోరు వస్తువు ఈ లోకంలో ఇంకోటి లేదు. పాత బల్బు అలా కాదు, మేస్త్రి పరువు కాపాడేది. వైరింగులో ఎక్కడో కాస్త తడి చేరి, వెళ్లాల్సిన తీగలోకి కాకుండా పక్క తీగలోకి నాలుగు చుక్కల కరెంటు జారిందనుకోండి, పాత బల్బు చూసీ చూడనట్టు ఊరుకునేది. ఆ నాలుగు చుక్కలు దానికి ఏ మూలకీ చాలవు. ఎల్‌ఈడీకి మాత్రం అవి బోలెడు. మినుకుమినుకుమంటూ వెలిగి, మనం చేసిన తప్పు నలుగురికీ చూపిస్తుంది. ఇప్పుడు బండ్ల వైరింగు నేర్చుకుంటున్న తమ్ముళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు. మిగతాదంతా నా తెలివితక్కువతనం గురించి. దాన్ని సరదాకి చదువుకోండి.

నేను నిడదవోలులో ముప్పై ఎనిమిదేళ్లు బండ్లకి వైరింగు చేశాను. రైల్వే గేటు అవతల రేకుల షెడ్డు. అందులో సగం నాది, సగం మా టింకరింగు మేస్త్రిగారిది. సొట్టలు తీయడం, రేకు అతకడం ఆయన పని. తీగలూ దీపాలూ నా పని. మనిషి నాకన్నా రెండేళ్లు పెద్ద, మాటలో ఇరవై ఏళ్లు పెద్ద. మా ఇద్దరికీ కలిపి ఒక ఆచారం ఉండేది. పని పూర్తయ్యాక బండిని కడిగించి, తుడిచి, ముందు బంపరు ఎడమ మూలనున్న ఇనప కొక్కేనికి కొబ్బరికాయ కొట్టి, ఆ తర్వాతే తాళాలు ఇచ్చేవాళ్లం. ఎడమ మూలే ఎందుకండీ అని ఎవరైనా అడిగితే టింకరింగు మేస్త్రిగారు, "కుడివైపు డ్రైవరు చూసుకుంటాడండీ, ఎడమవైపు దేవుడు చూసుకోవద్దా?" అనేవారు. ఈ సమాధానం నాకు చాలా నచ్చేది. పైగా ఆ కొక్కేనికి కాయ ఒక్క దెబ్బకి పగిలేది.

నేను పని మానేయడానికి ఏడాది ముందు, వానలు మొదలైన రోజుల్లో, షెడ్డు ముందు ఒక ఇల్లు వచ్చి ఆగింది. నిజంగా ఇల్లే. కిటికీలకి పరదాలు, పక్కన తలుపు, తలుపు కింద రెండు మెట్లు, మెట్ల మీదకి లాగే గుడ్డ చూరు. అడుగున మాత్రం పాత మినీ బస్సు చక్రాలు. సినిమా షూటింగుల కోసం కోనసీమంతా తిప్పి తిప్పి, ఇక లాభం లేదనుకున్నాక ఎవరో అమ్మేసిన కేరవాన్ అది. స్టీరింగు ముందు నుంచి కళ్లద్దాలు సర్దుకుంటూ ఒక పెద్దావిడ దిగారు.

"వైరింగు మేస్త్రిగారంటే మీరేనాండీ?"

"ఆయ్, నేనేనండి."

"దీని లోపలి లైట్లు బాగానే ఉన్నాయండీ. బయటివే ఒక్కటీ సరిగ్గా లేదు. బ్రేకు లైటు వెలగదు. ఇండికేటరు వేస్తే హారన్ మోగుతుంది. మొత్తం పీకేసి కొత్తగా చెయ్యండి, అన్నీ ఎల్‌ఈడీలే వెయ్యండి. ఎన్ని రోజులు పడుతుందో ఇప్పుడే చెప్పండి. తర్వాత మార్చకూడదు."

ఆ చివరి మాటతో ఆవిడ టీచరని నాకు తెలిసిపోయింది. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారట. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం తప్పకుండా లూథరన్ చర్చికి వెళ్లే మనిషి. యాభై ఎనిమిదో ఏట హెవీ లైసెన్సు తెచ్చుకున్నారు. ఆ లైసెన్సు ఎందుకో, ఈ బండి ఎందుకో కూడా ఆ రోజే చెప్పారు.

ఆ స్కూల్లో ఆరుగురు లేడీ టీచర్లు పాతికేళ్లు కలిసి పనిచేశారు. పాతికేళ్లూ మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని ఒకటే మాట అనుకునేవారు, ఎప్పటికైనా మనం ఆరుగురమే కలిసి ఎటైనా పోవాలని. గోదావరి గట్టు పట్టుకుని అంతర్వేది దాకా, అక్కడి నుంచి సముద్రం పక్కనే కాకినాడ దాకా, ఆపైన ఎటు బుద్ధిపుడితే అటు. నిద్ర ఎక్కడొస్తే అక్కడ ఆగాలి. ఎవరూ వంట చెయ్యకూడదు. భర్తల్ని తీసుకురాకూడదు. ఇవీ నియమాలు. మిగతా ఐదుగురికీ భర్తలున్నారు, మనవలున్నారు, ఇంట్లో రోజుకో అడ్డం ఉంటుంది. ఒకావిడ కోడలి సెలవులు, ఇంకొకావిడ మోకాలి ఆపరేషను, ఇలా అన్నీ చూసుకుంటే నెలన్నర తర్వాత సరిగ్గా తొమ్మిది రోజులు అందరికీ ఖాళీ దొరికింది.

"ఆ తొమ్మిది రోజులు పోతే మేము ఆరుగురం మళ్లీ కలవడం ఈ జన్మలో జరగదండీ. బండికి ఫిట్‌నెస్ కూడా అయిపోయింది. లైట్లు బాగుంటేనే బ్రేకిన్‌స్పెక్టరుగారు సంతకం పెడతారు. ఇంక మీ చేతిలో ఉంది" అన్నారు టీచరుగారు.

మా వైపు బండ్ల ఫిట్‌నెస్ చూసే ఆఫీసరుని బ్రేకిన్‌స్పెక్టరనే అంటాం. నేను ఛాతీ విరుచుకుని, "పన్నెండు రోజుల్లో ఇచ్చేస్తానండీ" అన్నాను.

వెనక దీపం విప్పి, టింకరింగు మేస్త్రిగారిని పిలిచి చూపించాను. సినిమావాళ్లు తొందర మీద ఉంటారని తెలుసు గానీ, ఇంత తొందరని తెలియదు. ఇళ్లల్లో ఫ్యాన్లకి వాడే తీగ ఒకచోట, టేపురికార్డరు తీగ ఒకచోట. రంగు చూసి పోల్చుకుందామంటే అన్నీ ఎరుపే. ఫ్యూజు ఉండాల్సిన చోట జడపిన్ను ఉంది. ఏ హీరోయిన్ జడలోదో మరి, టింకరింగు మేస్త్రిగారు దాన్ని తుడిచి జేబులో వేసుకున్నారు.

పాతదంతా పీకేశాను. బండి చుట్టూ కొత్త తీగలు గొట్టంలో వేసి లాగాను. వెనక బ్రేకు లైట్లు, ఇండికేటర్లు, పైన నాలుగు మూలలా పసుపు దీపాలు, తలుపు దగ్గర మెట్ల దీపం, గుడ్డ చూరు కింద పొడుగాటి దీపం. దేనికి దానికి విడిగా ఫ్యూజు, బరువు స్విచ్చి మీద పడకుండా రిలేలు. ఇవన్నీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో పొందిగ్గా అమర్చి, బ్యాటరీకి దగ్గరగా ఉంటుందని ముందు బంపరు వెనక బిగించాను. ఎడమ మూల.

ఎక్కడ బిగించానో చదవగానే మీకు అర్థమైపోయి ఉంటుంది. నాకు మాత్రం నెల పట్టింది.

బండి తీసుకెళ్లడానికి వచ్చేముందు టీచరుగారు ఫోన్ చేశారు. "మేస్త్రిగారూ, మీ షెడ్డులో కొబ్బరికాయ కొట్టి ఇస్తారని విన్నానండీ. నా బండికి వద్దు. మేము ప్రార్థన చేసుకుంటాం. ఏమీ అనుకోకండి."

"అబ్బే, ఎంతమాటండీ" అన్నాను. ఫోన్ పెట్టేసి టింకరింగు మేస్త్రిగారి వంక చూశాను. ఆయన అప్పటికే కాయ పీచు ఒలుస్తున్నారు.

"వద్దన్నారండీ" అన్నాను.

"ఆవిడ వద్దన్నారు. బండి వద్దందా?" అన్నారు ఆయన.

తప్పే. ఆవిడ బండి, ఆవిడ మాట. అప్పుడూ తప్పని తెలుసు. కానీ కాయ కొట్టని బండి నా చేతుల మీదుగా ఎప్పుడూ బయటికి పోలేదు. ఆవిడ రావడానికి పావుగంట ముందు కొక్కేనికి కాయ కొట్టేశాం. చిప్పలు దాచేశాం, నేల తుడిచేశాం, అగరుబత్తి మాత్రం వెలిగించలేదు, వాసనొస్తుందని. టీచరుగారు వచ్చి బంపరు మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకున్నారు. మేమిద్దరం వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాం. రెండు వైపులా గట్టి చేశాం కదా అని లోపల్లోపల సంబరపడ్డాను కూడా.

ఆ ఆదివారం ఆవిడ బండిని చర్చికి తీసుకెళ్లారు, అందరికీ చూపిద్దామని. గేటు దగ్గర బ్రేకు నొక్కితే గుడ్డ చూరు కింద దీపం వెలిగిందట. ఎడమ ఇండికేటరు వేస్తే పైన నాలుగు మూలలా దీపాలు కన్నుకొట్టాయట. ఆరాధన అయిపోయి బయటికొస్తున్న జనమంతా ఆగి మరీ చూశారట. సోమవారం పొద్దున్నే బండి మా షెడ్డులో ఉంది.

"మేస్త్రిగారూ, ఇది నేనడిగిన పనేనా?" అన్నారు టీచరుగారు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది.

డబ్బా విప్పాను. లోపల జిగటగా ఉంది. వానాకాలం, రోడ్డు మీద బురద చిమ్ముతుంది, చిమ్మి ఉంటుంది అనుకున్నాను. ఇండికేటరుని వెలిగించి ఆర్పే ఫ్లాషర్ మార్చాను. డబ్బా పెట్రోలుతో కడిగి గాలి కొట్టాను. బండి కడిగించి అన్ని దీపాలూ పదిసార్లు వేసి చూశాను. బంగారంలా వెలిగాయి. ఆవిడకి ఫోన్ చేసి రమ్మన్నాను. ఆవిడ వచ్చేలోపు, ఈసారి పని గట్టిగా నిలబడాలని, ఇంకొంచెం పెద్ద కాయ కొట్టాం.

నాలుగు రోజులకి టీచరుగారు, ఆ పూట వీలు చిక్కిన ఇద్దరు స్నేహితురాళ్లని ఎక్కించుకుని కాకినాడ దాకా ఒక ట్రయల్ వేశారు. వెళ్లేటప్పుడు కుడి ఇండికేటరు వెలిగి ఆరలేదు. వెనకాల వచ్చే ఆటోలన్నీ, ఈవిడ ఎప్పుడు కుడికి తిరుగుతారా అని పది కిలోమీటర్లు ఎదురుచూశాయట. వచ్చేటప్పుడు రివర్సు గేరు వేస్తే మెట్ల దీపం వెలిగింది. బండి మళ్లీ షెడ్డుకి వచ్చింది.

ఈసారి డబ్బా విప్పితే చీమలు. ఒకటీ రెండూ కాదు, ఊరు ఊరంతా అక్కడే ఉంది. రిలే లోపల రెండు రేకులు కలుసుకుని విడిపోతుండాలి. వాటి మధ్య చీమలు నలిగి చచ్చి గట్టిపడ్డాయి. ఇంక ఇండికేటరు ఎలా ఆరుతుంది? నాకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. తప్పు నాది కాదు! డబ్బాకి సరిగ్గా పైన ఎడమ సీటు ఉంది. ఆ సీటు కింద నేలరేకులో వేలు పట్టేంత సందు ఉంది.

"టీచరుగారండీ, ఎడమ సీట్లో కూర్చున్నవాళ్లు ఏం తిన్నారండీ?" అన్నాను, పోలీసు లెవెల్లో.

"పూతరేకులు తెచ్చుకున్నారు."

"అదండీ సంగతి! తీపి పొడి సందులోంచి రాలింది. చీమలు పట్టాయి."

ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించారు. "పూతరేకులు పొడిగా ఉంటాయండీ. మీ డబ్బాలో జిగట ఉంది. పొడి నుంచి జిగటెలా వచ్చింది?"

"అయితే కాజాలు తిని ఉంటారండీ" అన్నాను.

అంత పెద్ద చదువు చదివిన మనిషికి, ఆవిడ తోటి టీచర్లకి, బండిలో తీపి తినకూడదని నేను పావుగంట క్లాసు పీకాను. ఆవిడ అంతా విని, అక్కడే నిలబడి ఐదుగురికీ ఫోన్లు చేశారు. ఇంక ఆ బండిలో చక్కెర, బెల్లం, పాకం ఏదీ ఎక్కకూడదని ఆర్డరు వేశారు. మోకాలి ఆపరేషనావిడ, "నాకు సుగరండీ, తాగేది కూడా చప్పటి టీయే" అని వాదించడం నాకు ఇవతలికి వినపడింది. నేను సందుకి రేకు ముక్క పెట్టించాను, రిలేలన్నీ కొత్తవి వేశాను. ప్రయాణం శనివారం పొద్దున్న. ఫిట్‌నెస్‌కి పిలుపు శుక్రవారం. గురువారం మధ్యాహ్నం బండి ఇచ్చాం. కాయ సంగతి చెప్పక్కర్లేదుగా. ఇది మూడోది.

శుక్రవారం పొద్దున్న ఫిట్‌నెస్ గ్రౌండులో వరుసలో పదిహేను బండ్లున్నాయి, లారీలూ స్కూలు బస్సులూ. మాది ఆరోది. నేనూ టింకరింగు మేస్త్రిగారూ ఉతికిన చొక్కాలు వేసుకుని వెళ్లాం. బ్రేకిన్‌స్పెక్టరుగారు సన్నగా, నిద్ర చాలని మొహంతో ఉన్నారు. మా బండి చూడగానే ఆ మొహంలో కాస్త ఉత్సాహం కనపడింది.

"ఏంటండీ ఇది, లోపల మంచం కూడా ఉందా?"

"ఆరున్నాయండీ" అన్నారు టీచరుగారు.

"సరే, బ్రేకు నొక్కండి."

ఆవిడ నొక్కారు. బ్రేకు లైట్లు వెలిగాయి. వాటితోపాటు మెట్ల దీపం వెలిగింది. చూరు కింద దీపం నెమ్మదిగా, సిగ్గుపడుతున్నట్టు వెలిగింది. ఎడమ ఇండికేటరు వెయ్యమన్నారు. బండి చుట్టూ ఉన్న దీపాలన్నీ ఒకేసారి కన్నుకొట్టాయి. వెనక లారీ డ్రైవరు ఈల వేశాడు.

"మేడమ్ గారూ, ఇది బండాండీ, పెళ్లి పందిరాండీ?" అన్నారు బ్రేకిన్‌స్పెక్టరుగారు. "ఇలా అయితే సంతకం పెట్టలేనండీ. ఒంటిగంట వరకూ ఇక్కడే ఉంటాను. ఆ లోపు బాగుచేసి మళ్లీ చూపించండి. లేదంటే వచ్చే వారమే."

వచ్చే వారమంటే తొమ్మిది రోజులూ గంగలో కలిసినట్టే. టీచరుగారు బండిని ఒక పక్కకి తీసి ఆపారు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నారు. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది చూసి నాకు ఎక్కడైనా గొయ్యి ఉంటే దూకాలనిపించింది.

ఆవిడే తేరుకున్నారు. కళ్లు తుడుచుకుని దిగి, సంచిలోంచి ఒక భూతద్దం తీశారు. సైన్సు టీచర్లు రిటైరయ్యాక కూడా భూతద్దం పెట్టుకుని తిరుగుతారని నాకు అప్పుడే తెలిసింది.

"నిన్న మధ్యాహ్నం నుంచి ఈ బండిలో ఎవరూ ఏమీ తినలేదు. తాళం నా దగ్గరే ఉంది. తీపి లేదు. అయినా చీమలొచ్చి ఉంటే, తీపి లోపలి నుంచి రావట్లేదన్నమాట" అన్నారు. డబ్బా మూత నేను విప్పకముందే ఆవిడ బంపరు ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. చీమల బారు ఒకటి టైరు మీంచి ఎక్కి, బంపరు కిందనుంచి తిరిగి, కొక్కెం పక్కనుంచి లోపలికి పోతోంది. ఆవిడ దాని వెంట భూతద్దం జరుపుకుంటూ వెళ్లారు. తలలోంచి పిన్ను తీసి బంపరు వెనక సందులోకి పోనిచ్చి, ఏదో గీకి బయటికి లాగారు. తెల్లటి ముక్క. వాసన చూశారు.

"కొబ్బరి. ఎండలేదు. నిన్నటిది."

టింకరింగు మేస్త్రిగారు ఆకాశం వంక చూడటం మొదలుపెట్టారు.

"కోనసీమ పక్కనే కదండీ, దారిలో చెట్టు మీంచి పడుంటుంది" అన్నాను. ఇంతకన్నా తెలివైన అబద్ధం నాకు ఆ క్షణంలో దొరకలేదు.

"చెట్టు మీంచి కాయ పడుతుందండీ మేస్త్రిగారూ. ముక్క పడదు" అన్నారు ఆవిడ. వెనక బెంచీవాడిని చూసినట్టు నన్ను చూశారు. అంతే, నా ఒంట్లో ఉన్న యాభై తొమ్మిదేళ్లూ జారిపోయి ఏడో తరగతి మాత్రం మిగిలింది.

"కొట్టామండీ" అన్నాను.

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లండీ."

"నేను వద్దన్నాక?"

"వద్దన్నాకే అండీ. అంతకుముందు కొట్టలేదు" అన్నారు టింకరింగు మేస్త్రిగారు, సాయం చేస్తున్నాననుకుని.

నెల రోజుల కథ అప్పుడు నా కళ్లముందు గిర్రున తిరిగింది. కొక్కేనికి సరిగ్గా వెనక నా డబ్బా. కాయ పగిలిన ప్రతిసారీ నీళ్లు అందులోకే. అందుకే జిగట, అందుకే చీమలు. నేనే కడిగి బాగుచేసి, నేనే మళ్లీ పాడుచేసి, ఆరుగురు చదువుకున్న ఆడవాళ్ల నోటి దగ్గర కాజా లాక్కున్నాను. పాత బండ్లకీ ఇలాగే కొట్టాం, కానీ వాటి బల్బులు నాలుగు చుక్కలకి లొంగలేదు, పైగా అక్కడ నేను ఏ డబ్బా పెట్టలేదు.

"మీ పని మీద మీకు నమ్మకం లేదాండీ?" అని అడిగారు టీచరుగారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని అడిగారు.

"పని బాగానే చేశానండీ. కానీ కాయ కొట్టకుండా పంపి దారిలో ఏదైనా అయితే, కొట్టలేదు కాబట్టే అయిందని జన్మంతా కుమిలిపోతాను. ఆ భయమండీ. మీకు చెప్పకుండా చెయ్యడం తప్పు. క్షమించండి."

ఈలోపు చుట్టూ జనం పోగయ్యారు. ఈల వేసిన లారీ డ్రైవరు, "కాయ తప్పేంటండీ? డబ్బా అక్కడ పెట్టడం తప్పు" అన్నాడు. స్కూలు బస్సు డ్రైవరు, "కాయ రాయి మీద కొట్టాలి గానీ బండి మీద కొడతారా ఎవరైనా?" అన్నాడు. మా ఊళ్లో అందరూ టైరు కింద నిమ్మకాయే పెడతారని మూడో ఆయన. ఐదు నిమిషాల్లో గ్రౌండు రెండు పార్టీలైపోయింది. కేకలు విని బ్రేకిన్‌స్పెక్టరుగారు బల్ల దగ్గర నుంచి లేచి వచ్చారు. సంగతంతా విని, నుదురు రుద్దుకుని, "కాయ సంగతి మీరూ మీరూ తేల్చుకోండి బాబూ. నాకు బ్రేకు నొక్కితే బ్రేకు లైటే వెలగాలి" అనేసి వెళ్లిపోయారు.

పన్నెండు కావస్తోంది. డబ్బా విప్పి పెట్రోలుతో కడిగాను. రిలేలు ఊడదీసి తుడిచాను. ఆరబెట్టడానికి ఎండ లేదు, మబ్బు కమ్మేసింది. అప్పుడు టీచరుగారు లోపలికెళ్లి, సినిమావాళ్లు వదిలేసిన జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చారు. ఒకప్పుడు ఏ తారామణి కురుల మీదో ఆడిన వేడిగాలిని నా రిలేల మీద ఆడించాం. టింకరింగు మేస్త్రిగారు దువ్వెన కావాలాండీ అని అడిగారు. ఎవరూ నవ్వలేదు. ఒంటిగంటకి పది నిమిషాలు ఉందనగా డబ్బాని ఎడమ సీటు కిందకి, బండి లోపలికి మార్చి బిగించేశాను.

బ్రేకు నొక్కితే బ్రేకు లైటు. ఎడమ అంటే ఎడమ. కుడి అంటే కుడి. బ్రేకిన్‌స్పెక్టరుగారు బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, కొంచెం నిరాశపడ్డట్టుగానే సంతకం పెట్టారు.

టీచరుగారు కాగితం మడిచి సంచిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "మిగతా బండ్లకి మీ షెడ్డు గుమ్మం ముందు రాయి వేసుకుని దాని మీద కొట్టుకోండి, అది మీ ఇష్టం. ఈ బండికి మాత్రం ఎక్కడా కొట్టకండి. రాయి మీద కూడా వద్దు. మీ పని ఒక్కటే ఎంతవరకు వస్తుందో చూద్దాం. దీన్ని ప్రయోగం అంటారు. మాటివ్వండి."

ఇచ్చాను. ముప్పై ఎనిమిదేళ్లలో అంత కష్టమైన మాట ఇంకోటి ఇవ్వలేదు.

శనివారం పొద్దున్న ఆరుగురూ మా షెడ్డు ముందు నుంచే వెళ్లారు. కిటికీల్లోంచి చేతులూపారు. మోకాలావిడ చెయ్యి బయటికి చాపి నాకు ఒక కాజా పొట్లం అందించారు. బండి రైల్వే గేటు దాటేవరకూ చూస్తూ నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఇప్పటికైనా వెనకాలే పరిగెత్తి కొట్టొచ్చండీ" అన్నారు టింకరింగు మేస్త్రిగారు. నేను కదల్లేదు. ఆ తొమ్మిది రోజులూ ఫోన్ మోగినప్పుడల్లా చేతిలో పని వదిలేసి పరిగెత్తేవాణ్ణి. ఆవిడ దగ్గర నుంచి ఒక్క ఫోనూ రాలేదు. అంతర్వేదిలో ఆగిపోయారేమో, నా మీద కోపంతో చెప్పట్లేదేమో అని రకరకాలుగా ఊహించుకుని, అన్నం కూడా సరిగ్గా తినలేదు. తొమ్మిదో రోజు పోయింది. పదీ పోయింది. బండి రాలేదు.

పన్నెండో రోజు పొద్దున్న షెడ్డు తలుపు తీసేసరికి బయట ఐదుగురు పెద్దమనుషులు నిలబడి ఉన్నారు. ఐదుగురికీ గడ్డాలు మాసి ఉన్నాయి. ఒకాయన చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నారు. ఇంకొకాయన పాల ప్యాకెట్టు రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు, దాన్ని తర్వాత ఏం చెయ్యాలో తెలియనట్టు. వాళ్లెవరో ఎవరూ చెప్పకుండానే అర్థమైపోయింది.

"మేస్త్రిగారూ, మా ఆవిడ రేపు రేపంటోందండీ. బండి ఎక్కడైనా పాడైందేమో, మాతో చెప్పట్లేదేమో. మీకేమైనా ఫోన్ చేశారా?" అన్నారు బొత్తాలాయన.

కాయ కొట్టని బండి. అక్కడే టీచరుగారికి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకరు నొక్కాను. గాలి హోరు, దాని వెనక సముద్రం, దాని వెనక నలుగురైదుగురి నవ్వులు.

"టీచరుగారండీ, బండికేమైందండీ?"

"ఏమీ కాలేదండీ మేస్త్రిగారూ. అదే వచ్చిన చిక్కు. తొమ్మిదో రోజున అందరం కూర్చుని ఒక మాట అనుకున్నాం. బండికి ఒక్క దీపం ఆరిపోయినా ఆ రోజే ఇంటికి బయల్దేరాలని. రోజూ సాయంత్రం ఆరుగురం చుట్టూ తిరిగి చూస్తున్నామండీ. ఒక్కటీ ఆరట్లేదు."

"మోకాలి ఆపరేషనండీ?"

"డాక్టరుగారిని అడిగి వాయిదా వేయించుకున్నారు. ఇప్పుడు ఇసకలో నడుస్తున్నారు. మీ చూరు కింద దీపం చాలా బాగుందండీ, దాని కిందే కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నాం. ఉంటాను మరి, ఎవరో టిఫిను తెచ్చిస్తున్నారు."

ఫోన్ ఆగిపోయింది. బొత్తాలాయన గొంతు తగ్గించి, "ఈ ఎల్‌ఈడీలు ఎన్నాళ్లొస్తాయండీ?" అని అడిగారు.

అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. "ఏళ్లొస్తాయండీ" అన్నాను.

ఐదుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పాల ప్యాకెట్టాయన నా వంక ఎంతో బాధగా చూసి, "అంత గట్టిగా చెయ్యమని మిమ్మల్ని ఎవరడిగారండీ మేస్త్రిగారూ?" అన్నారు.

ఐదుగురికీ టీ చెప్పాను. నా పనిని అంతగా మెచ్చుకున్నవాళ్లు అంతకుముందు లేరు, ఆ తర్వాతా లేరు.